ఒకే పడవ, రెండు పేర్లు

మా చెల్లికి ప్రోగ్రాములు రాయడం నేర్పింది నేనే. అది మా ఆఫీసులో చేరాక రెండేళ్ళపాటు ఈ మాట ఎదురుపడిన వాళ్ళందరికీ చెప్పాను. చర్చిలో పక్కన కూర్చున్నవాళ్ళకి చెప్పాను, ఆఫీసు పక్క జిరాక్స్ షాపు ఆవిడకి చెప్పాను, ఒకసారి రైల్లో అసలు అడగని మనిషికి కూడా చెప్పాను. మొదట్లో గర్వంగా చెప్పేదాన్ని. పోనుపోను ఆ మాట నా నోట్లోనే పులిసిపోయింది.

మాది నెల్లిమర్ల. నాన్న జూట్ మిల్లులో పనిచేసేవాడు. అమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. నేను విజయనగరంలో ఎంసీఏ చదివి, అక్కడే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాను. మిఠాయి దుకాణం మీద రెండు గదులు. పొద్దస్తమానం కిందనుంచి నెయ్యి కాగే వాసన వచ్చేది. మా సార్ బెంగళూరులో చాలాకాలం పనిచేసి, ఆ ట్రాఫిక్ పడలేక వచ్చేసిన మనిషి. సర్వర్ పని చూడటానికి కోటబొమ్మాళి నుంచి వచ్చిన ఒకతను ఉండేవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. యాప్‌లో మనిషి కంటికి కనిపించే స్క్రీన్లన్నీ నావి. నేను లేకపోతే ఆఫీసులో బొమ్మ పడదని సార్ అంటుండేవారు. ఆ మాట నాకు చాలా ఇష్టంగా ఉండేది.

చెల్లి నాకన్నా నాలుగేళ్ళు చిన్నది. లెక్కల్లో డిగ్రీ చేసి, ఇంట్లో టీవీ చూస్తూ కూర్చుంటే, నేనే నా లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. ఆదివారం మధ్యాహ్నాలు, అమ్మ కునుకు తీస్తున్నప్పుడు, మంచం మీద బోర్లా పడుకుని ఇద్దరం నేర్చుకునేవాళ్ళం. నేను చెప్పేదాన్ని, అది వినేది. అది తప్పు చేస్తే నాకు ముద్దొచ్చేది. 2017లో ఆఫీసుకి ఇంకొకరు కావాలన్నప్పుడు, "మా చెల్లి ఉంది సార్" అన్నాను. అలా నా బండి వెనక కూర్చుని, నా పాత హ్యాండ్‌బ్యాగ్ తగిలించుకుని, అది నా పక్క కుర్చీలోకి వచ్చింది.

అప్పుడు మేము చేస్తున్న యాప్ ఒక చేపల వ్యాపారిది. శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఆయన ఊరు. ఆయనవి, ఆయన బంధువులవి కలిపి బోలెడన్ని పడవలు. ఏ పడవ ఎప్పుడు వేటకెళ్ళింది, ఏ చేప ఎంత పడింది, ఎంత ఐసు, ఎంత డీజిలు పట్టుకెళ్ళింది, ఇవన్నీ ఫోన్లో కనిపించాలని ఆయన కోరిక.

ఇక్కడ మా పని గురించి కాస్త చెప్పాలి. యాప్‌లో ఒకే సమాచారం చాలా స్క్రీన్లకి కావాలి. అందుకని దాన్నంతా అందరికీ ఉమ్మడిగా ఒకచోట పెడతాం. స్టోర్ అంటాం దాన్ని. మా స్టోర్లో వ్యాపారి లోపల పడవలు, పడవ లోపల దాని చివరి వేట, ఆ వేట లోపల పడిన చేపలు, ఆ చేపల లోపల బరువు ఉండేవి. పెద్ద గిన్నెలో చిన్న గిన్నె, అందులో ఇంకో గిన్నె పెట్టినట్టు. కోనెం చేప ఎంత పడిందో చూపించాలంటే పైనుంచి ఒక్కొక్కటి దాటుకుంటూ అడుక్కి దిగాలి. పడవ అని రాసి చుక్క, చివరి వేట అని రాసి చుక్క, చేపలు అని రాసి చుక్క. నేను కళ్ళు మూసుకుని రాసేదాన్ని ఆ చుక్కలు. నా అంత వేగంగా ఆఫీసులో ఎవరూ రాయలేకపోయేవారు.

చిక్కల్లా ఒకటే. మధ్యలో ఏ గిన్నె లేకపోయినా యాప్ అక్కడే చతికిలబడుతుంది. లేనిదాని లోపల ఏదో ఉందని అడుగుతున్నావంటూ ఎర్రక్షరాలు మాకు చూపిస్తుంది, వాడుకునే మనిషికి మాత్రం ఒట్టి తెల్ల తెర చూపిస్తుంది.

ఒకరోజు ఆ వ్యాపారే ఆఫీసుకొచ్చాడు. తెల్ల పంచె, చేతిలో రెండు ఫోన్లు. నేను స్క్రీన్లన్నీ చూపించాను. ఆయన తలాడిస్తూ బాగుందన్నాడు. ఇక లేవబోతుంటే మా చెల్లి, చేరి నెల కాలేదు, వెనకనుంచి అడిగింది.

"పడవ ఉత్తినే తిరిగొచ్చేస్తే ఏటి సూపించాలండీ?"

ఆయన పగలబడి నవ్వాడు. "ఓలమ్మ! ఈమధ్యన ఉత్తినే రావడమే ఎక్కువ తల్లీ. ఏటి సూపిస్తావు, సున్నా సూపించు."

సార్ నవ్వారు. కోటబొమ్మాళి అతనూ నవ్వాడు. వెళ్ళేటప్పుడు ఆయన మా చెల్లి వైపే చూస్తూ, "ఈ గుంట మా వోళ్ళ పిల్లలాగున్నాది" అన్నాడు. గంటసేపు చూపించింది నేను. ఆయనకి గుర్తుండిపోయింది అది అడిగిన ఒక్క ప్రశ్న. ఆ సాయంత్రం బండి అద్దంలో దాన్ని మొదటిసారి కొత్త మనిషిని చూసినట్టు చూశాను, వెనక గాలికి కళ్ళు చికిలించుకుని ఏదో కూనిరాగం తీస్తోంది. ఏమంత గొప్ప ప్రశ్న అని నాలో నేను అనుకున్నాను. ఆ ప్రశ్న నాకెందుకు రాలేదని అనుకోవడానికి అప్పటికింకా ధైర్యం చాలలేదు.

తర్వాత వారం చెల్లి వేరే ఒక ఫైలు తెరిచి చిన్న చిన్న ప్రోగ్రాము ముక్కలు రాయడం మొదలుపెట్టింది. పడవ నంబరిస్తే చేప బరువు చెప్పేది ఒకటి, ఐసు చెప్పేది ఒకటి. అడుక్కి దిగే పనంతా ఆ ముక్కల లోపలే జరుగుతుంది. ప్రతి మెట్టు దగ్గరా ఉందా లేదా అని చూసుకుంటుంది, లేకపోతే సున్నా ఇచ్చి ఊరుకుంటుంది. స్క్రీన్లు స్టోర్ లోపలికి తొంగిచూడక్కర్లేదు, ఆ ముక్కని అడిగితే చాలు.

"అప్పా, నువ్వు ప్రతి స్క్రీన్లోనూ పైనుంచి దిగుతన్నావు. ఒక్కసోట దిగితే సాలదేటి?" అంది నాతో; అక్కని అది అప్పా అనే పిలుస్తుంది.

"దిగడానికి నాకేం బద్ధకం లేదు" అన్నాను.

అది మళ్ళీ తన తెరవైపు తిరిగింది. కోటబొమ్మాళి అతను మాత్రం కుర్చీ లాక్కుని దాని పక్కకెళ్ళి, ఆ ఫైలు చూసి, "భలేగుంది కదా ఇది" అన్నాడు. మర్నాటినుంచి సర్వర్ పనికోసం అతను విడిగా రాసుకున్న రెండు మూడు స్క్రీన్లూ దాని ముక్కల్నే అడగడం మొదలుపెట్టాయి. ఏదైనా తెలియకపోతే ఇదివరకు నా బల్ల దగ్గరకొచ్చేవాడు. ఇప్పుడు నా బల్ల దాటి వెళ్తున్నాడు. దాటేటప్పుడు నన్ను చూసి నవ్వేవాడు కూడా, పాపం. నాకు ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండేది.

నేను నా పద్ధతిలోనే రాసుకుంటూ పోయాను. పంతం అనుకోలేదు అప్పుడు. నా స్క్రీన్లు నడుస్తున్నాయి, పరీక్షకి పెట్టుకున్న పడవలన్నిటికీ నిండా చేపలున్నాయి, ఇంకేం కావాలనుకున్నాను.

ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు పడవల్ని సముద్రంలోకి పోనివ్వరు. ఆ రోజుతో పాత వేటల లెక్క మూసేసి, కొత్త కాలానికి అంతా ఖాళీగా ఉంచాలని వ్యాపారి ముందే చెప్పి ఉన్నాడు. కోటబొమ్మాళి అతను సర్వర్లో అలాగే చేశాడు. అంటే ఒక్క పడవకీ చివరి వేట అన్నది లేదు.

పొద్దున్నే ఫోను మోగింది. తీసింది నేనే.

"అమ్మా, మీ యాప్ తెల్లగైపోనాది."

"ఏ స్క్రీనండీ?"

"ఏటి ముట్టినా తెలుపే. చేపలు ముట్టినా తెలుపే, పడవలు ముట్టినా తెలుపే. ఐసు లెక్క ఒకటున్నాది సూడు, అదొక్కటీ పలుకుతన్నాది. సున్నా అంతన్నాది గానీ పలుకుతన్నాది."

ఐసు స్క్రీను మా చెల్లిది.

సార్ వచ్చి నా వెనక నిలబడ్డారు. తెర నిండా ఎర్రక్షరాలు. ప్రతి ఎర్ర గీతా నా ఫైళ్ళలోకే దారి తీస్తోంది. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "అమ్మా, నువ్వు కాస్త లే. చిన్నమ్మాయిని కూర్చోనీ, దానికైతే బేగి అయిపోద్ది" అన్నారు మామూలుగా, దారికి అడ్డంగా ఉన్న స్టూలు జరిపినట్టు.

నేను లేచాను. చెల్లి నా కుర్చీలో కూర్చుంది. ఎత్తు సరిపోక కుర్చీ కింద మీట నొక్కి పైకి లేపుకుంది. కింద దుకాణంలో పాకం పట్టేవాళ్ళు దేనికో అరుచుకుంటున్నారు. నేను ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని దాని పక్కన కూర్చుని, నా ఫైళ్ళు ఒకదాని తర్వాత ఒకటి అది తెరవడం చూస్తూ కూర్చున్నాను. నా చుక్కల వరసలు చెరిపేసి, తన ముక్కల పేర్లు పెట్టుకుంటూ పోయింది. ఒకచోట ఆగి, మెడ తిప్పి అడిగింది.

"అప్పా, ఇది నువ్వు రాసినాదేనా?"

నేను తలూపాను. గదిలో అందరూ విన్నారు. మధ్యాహ్నానికల్లా యాప్ అంతా సున్నాలతో లేచి కూర్చుంది. వ్యాపారి ఫోన్ చేసి చిన్నమ్మాయికి ఇవ్వమన్నాడు. ఫోను దాని చేతికిచ్చి నేను బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఏడుపైతే కడుక్కుంటే పోతుంది. చెల్లికి జ్వరం రావాలని, దానికి పెళ్ళి సంబంధం కుదిరి ఏ ఊరో వెళ్ళిపోవాలని, ఇలాంటివే బుర్రలో తిరిగాయి. అంతలోనే, మధ్యాహ్నం అది అన్నం తిన్నదో లేదో అని కూడా అనిపించింది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా పడతాయో నాకు తెలియలేదు.

ఇంటికెళ్ళాక చెల్లే అంతా చెప్పింది. గొప్పలు పోలేదు, జరిగింది జరిగినట్టు చెప్పింది. అమ్మ మిషన్ ఆపి విని, నా మొహం చూసి, "ఏటే, నువ్వు నేర్పినదే కదేటి. దాని గొప్పంతా నీదే" అంది. నన్ను ఊరడించడానికే అంది. నాకు మాత్రం, నా గొప్ప నాకు కాకుండా పోయి, దాని గొప్పలోంచి కాస్త ముక్క తుంచి నాకు పెట్టినట్టనిపించింది.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయం వచ్చింది. మా మిషన్ చర్చిలో ఎవరికి వాళ్ళు లేచి, దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకుంటారు. నాన్న ఏడాదికోసారి లేస్తే గొప్ప. ఆ రోజు లేచాడు. ఇస్త్రీ చొక్కా ముందుకి లాక్కుని, గొంతు సవరించుకున్నాడు.

"నా పెద్ద పాప నేర్పితే సిన్న పాప నేర్సుకున్నాది. ఇప్పుడు పెద్ద పాప తప్పులు కూడా సిన్న పాపే దిద్దుతన్నాది. ఇద్దరికీ ఒకే ఆఫీసులో అన్నం పెడుతున్న దేవుడికి స్తోత్రం."

"స్తోత్రం" అన్నారు అందరూ. పాస్టరుగారు కూడా నా వైపు చూసి చిరునవ్వు నవ్వారు. నాన్న కూర్చుంటూ నా భుజం తట్టాడు. ఆయనకి అందులో తప్పేమీ కనిపించలేదు, ఇద్దరినీ పొగిడాననే అనుకున్నాడు. చెల్లి తల వంచుకుని పాటల పుస్తకంలో ఏదో వెతుకుతోంది.

సోమవారం పొద్దున్న బండి మీద విజయనగరం వెళ్తున్నాం. చంపావతి వంతెన ఎక్కాక వెనకనుంచి అడిగింది.

"ఏటి, మాటాడవు?"

నేను బండి పక్కకు తీసి ఆపేశాను. లారీలు వంతెన ఊగేలా పోతున్నాయి.

"అందరి ముందూ, ఇది నువ్వు రాసినాదేనా అని అడిగావు."

"అడిగినాను. నువ్వు రాసినావో, ఆ కోటబొమ్మాళి అబ్బాయి రాసినాడో తెలవక అడిగినాను. ఆ ఫైల్లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి కదేటి."

"నాన్న అలా మాట్లాడుతుంటే ఆపాలనిపించలేదా నీకు?"

"నానేటి సేస్తాను? సర్చిలో లెగిసి నాన్న నోరు మూసేయాలా? తెలిసినాది తెలవనట్టు కూకోవాలేటప్పా నాను? నువ్వే కదా నేర్పినావు!"

"నేర్పాను. నన్ను దాటిపొమ్మని నేర్పలేదు."

నోటినుంచి వచ్చేశాక ఆ మాట ఎంత పెద్దదో తెలిసింది. చెల్లి హ్యాండ్‌బ్యాగ్ పట్టీ పట్టుకుని నదివైపు చూసింది. ఎండాకాలం, నీళ్ళు ఒక పాయగా ఒక పక్కనే పోతున్నాయి.

"అలాగ సగమే నేర్పడం ఉంతాదేటి?" అంది నెమ్మదిగా.

బండి స్టార్ట్ చేశాను. ఆ మర్నాటినుంచి అది బస్సులో వస్తానంది, నేను వద్దనలేదు. ఒకే ఇంట్లోంచి బయల్దేరి, ఒకే ఆఫీసుకి వేరువేరుగా వెళ్ళేవాళ్ళం. అమ్మ రెండు క్యారేజీలు రెండు సంచుల్లో సర్దేది.

ఆఫీసులో నా పని తగ్గిపోయింది. తగ్గించారని కాదు, అన్నీ దాని బల్లమీదకి చేరేవి. దాని ముక్కల ఫైలు పెరిగి పెద్దదైంది. నేను కూడా ఇప్పుడు దాన్నే వాడుతున్నాను, మరో దారి లేదు. ప్రతి స్క్రీనులోనూ మా చెల్లి పెట్టిన పేర్లు రాసేటప్పుడు, అత్తగారింట్లో గిన్నెలు ఎక్కడున్నాయో అడిగి తీసుకుంటున్న కొత్త కోడలిలా ఉండేది నాకు.

నిషేధం ముగిశాక వ్యాపారి ఏదో కొత్త చిక్కుందని కబురు చేశాడు. ఫోన్లో చెబితే ఎవరికీ అర్థం కాలేదు. ఎవరో ఒకరు వెళ్ళి చూడాలి.

"నువ్వెళ్ళిరా అమ్మా" అన్నారు సార్ నాతో. "చిన్నమ్మాయి ఇక్కడ ఉండాలి కదా."

కాబట్టి నేను వెళ్ళాను. శ్రీకాకుళం బస్సు, అక్కణ్ణుంచి శ్రీకూర్మం బస్సు, ఆ తర్వాత ఆటో. ఆటోలో కూర్మనాథుడి దర్శనం చేసుకుని, సముద్రం కూడా చూసిపోదామని బయల్దేరిన ఒక కుటుంబం, వాళ్ళ ప్రసాదం డబ్బా నా ఒళ్ళో. ఎవరు అవసరమో వాళ్ళు ఆఫీసులో ఉన్నారు, ఎవరు లేకపోయినా పని ఆగదో వాళ్ళని ఎండలోకి పంపారు. ఆ దారి పొడుగునా ఇదే మెదిలింది.

వ్యాపారి ఐసు షెడ్డు నీడలో కుర్చీ వేయించాడు. ఫోను నా చేతికిచ్చాడు.

"సూడమ్మా. నాకు ఈ పడవ ఒక్కటే. మీ దాంట్లో రెండున్నట్టు సూపిస్తన్నాది."

చూశాను. పడవల స్క్రీనులో ఒక పేరుంది. వేటల స్క్రీనులోకి వెళ్తే అదే పడవకి ఇంకో పేరు. ఐసు స్క్రీనులోనూ ఆ రెండో పేరే.

"పేరేమైనా మార్చారా?"

"మార్సినాను. అమ్మోరి పేరుండేది. మా మనవరాలు పుట్టింది కదా, దాని పేరెట్టినాం. ఇదిగో, రంగులు కూడా ఏయిస్తన్నాను."

షెడ్డు పక్కనే ఇసుకలో పడవ ఉంది. కొత్త నీలం రంగు ఇంకా ఆరలేదు, వాసన ముక్కుకి పట్టేస్తోంది. పెయింటరు పసుపు రంగుతో మనవరాలి పేరు రాస్తున్నాడు. పక్కనున్న రిజిస్ట్రేషన్ నంబరు మీద మాత్రం నీలం పడకుండా కాగితం అతికించాడు. పేరు మారినా, రంగు మారినా, ఆ నంబరు మారదు.

అది చూస్తూ కుర్చీలో కదలకుండా ఉండిపోయాను.

మా స్టోర్లో ఆ పడవ ఒకచోట లేదు. పడవల కింద ఒకసారి ఉంది, ప్రతి వేట లోపలా పేరుతో సహా ఇంకోసారి ఉంది, ఐసు లెక్కల లోపల మరోసారి ఉంది. పేరు మార్చినప్పుడు మారింది ఒకచోటే. మిగతా చోట్ల పాతదే పడి ఉంది. చెల్లి రాసిన ముక్కలు ఎంతో జాగ్రత్తగా అడుక్కి దిగి, అక్కడేముందో దాన్నే నిజాయితీగా తెచ్చిస్తున్నాయి. దిగడంలో తప్పులేదు. అసలు అంత లోతుకి పెట్టడమే తప్పు. పడవలన్నీ ఒకచోట, వేటలన్నీ ఒకచోట, ఐసు ఒకచోట విడివిడిగా పరిస్తే సరి. వేట లోపల పడవ ఉండక్కర్లేదు, పడవ నంబరుంటే చాలు. అప్పుడు పేరు మార్చడానికీ, అడగడానికీ ఒకే చోటు.

ఆ క్షణంలో నాకు కలిగిన మొదటి ఆలోచన వ్యాపారి చిక్కు తీరుతుందని కాదు. ఇది చెల్లికి తట్టలేదు అని. ఆ ఆనందం ఎంత గట్టిగా వచ్చిందంటే, వ్యాపారి భార్య పెట్టిన కవళ్ళ చేపల పులుసుతో రెండోసారి అన్నం అడిగి మరీ తిన్నాను.

తర్వాత రోజులన్నీ దాన్నే పట్టుకుని కూర్చున్నాను. సర్వర్ నుంచి సమాచారం ఎలాగూ గిన్నెలో గిన్నెగానే వస్తుంది, అది రాగానే విడదీసి పరిచే పని రాసుకున్నాను. ఏంటక్కా అది అని కోటబొమ్మాళి అతను ఒకట్రెండుసార్లు అడిగాడు. అయ్యాక చూపిస్తానన్నాను. చెల్లి అడగలేదు. కానీ నీళ్ళ బాటిల్ నింపుకోవడానికి లేచినప్పుడల్లా నా తెర వైపు చూస్తోందని నాకు తెలుసు. తెర కాస్త పక్కకి తిప్పుకున్నాను.

ఒక శనివారం పొద్దున్న అందరినీ పిలిచి చూపించాను. పడవ పేరు ఒకచోట మార్చాను. అన్ని స్క్రీన్లలోనూ ఒక్కసారే మారింది. సార్ ఇంకోసారి మార్చమన్నారు, మార్చాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "బాగుందమ్మా. ఇది మొదట్లోనే చేసుండాల్సింది మనం" అన్నారు. కోటబొమ్మాళి అతను చప్పట్లు కొట్టాడు, ఇంకెవరూ కొట్టకపోతే మధ్యలో ఆపేశాడు.

చెల్లి గోడకి ఆనుకుని నిలబడింది. కింది పెదవి పళ్ళకింద పెట్టుకుంది. చెంపలు ఎర్రబడ్డాయి. నాకు ఆ మొహం బాగా తెలుసు. కొన్ని నెలలుగా ఆఫీసు బాత్రూం అద్దంలో రోజూ చూస్తున్న మొహమే, కాకపోతే నాలుగేళ్ళు చిన్నది.

అందరూ వెళ్ళాక నా బల్ల దగ్గరకొచ్చింది.

"ఎవురు సెప్పినారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు."

"ఇంటర్నెట్లో సూసినావా?"

"ఒడ్డున పడవకి రంగులేస్తుంటే చూశాను."

నమ్మలేదు. అలా చూసి వెళ్ళిపోయింది. తర్వాత తెలిసింది, అలా విడదీసి పరచడం ప్రపంచంలో చాలామంది ముందే కనిపెట్టేసిన సంగతని, దానికొక పేరు కూడా ఉందని. ఆ సంగతి వెతికి పట్టుకుని ఆఫీసులో చెప్పింది కూడా మా చెల్లే. కానీ నాకు ఎవరూ చెప్పలేదన్నది మాత్రం నిజం.

సోమవారం అంతా అది నేను రాసినదాన్ని గీత గీతా చదివింది. భోజనానికి కూడా లేవలేదు. మూడింటికి ఒక్కసారి కుర్చీలోంచి లేచి, రెండు గదులకీ వినిపించేలా అరిచింది.

"అప్పా! పడవని అమ్మేసి తీసేస్తే ఏటవుతాది? వేటలో నంబరుంతాది, పడవుండదు! మళ్ళీ తెలుపే!"

నిజమే. నేను చూసుకోలేదు. అందరూ నా వైపు తిరిగారు. దాని మొహంలో ఎంత వెలుగంటే, నెలల తర్వాత నాకు నవ్వొచ్చింది. నా తప్పు దొరికినందుకు దానికంత సంబరమా! అంటే నేను పట్టించుకోదగ్గ మనిషినే అన్నమాట. కుర్చీ లాక్కుని దాని పక్కకెళ్ళాను. నేను పరిచినదాని మీద, లేనిచోట సున్నా ఇచ్చే దాని ముక్కల్ని ఇద్దరం కలిసి కొత్తగా రాశాం. మధ్యలో రెండుసార్లు పోట్లాడుకున్నాం. ఏ పేరు పెట్టాలన్న దాని మీద ఒకసారి, ఎవరి పేరు ముందు రాయాలన్న దాని మీద ఒకసారి. మర్నాటినుంచి బస్సు మానేసి, మళ్ళీ నా బండెక్కింది.

ఆ ఏడాది చివర్లో సార్ టీమ్ లీడ్‌గా చెల్లినే పెట్టారు. నాకు చెప్పేటప్పుడు కాస్త ఇబ్బంది పడ్డారు, చిన్నమ్మాయి అందరితో కలుపుగోలుగా ఉంటుందని ఏదో అన్నారు. నేను సరే సార్ అన్నాను. ఆ పాత మంట లేచింది, ఏమీ తగ్గకుండా, నిన్నటిదే అన్నట్టు.

కానీ ఈసారి దాన్ని మోసుకుని తిరగలేకపోయాను. ఇంటికొచ్చాక, పెరట్లో నూతి చప్టా మీద అది చిక్కుళ్ళు ఒలుస్తుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నాకు కుళ్ళుగా ఉందే" అన్నాను.

చెల్లి ఒలవడం ఆపలేదు. ఒక చిక్కుడుకాయ ఈనె తీసి, గిన్నెలో పడేసి అంది.

"ఉండాల మరి. లేపోతే నాకేటి సరదా?"

తర్వాత సగం చిక్కుళ్ళు నా ఒళ్ళో పోసి, బేగి ఒలవమంది.